అత్త వాయించిన నీలం డ్రమ్ము

మా అత్త పోయింది. మా నాయనకు అక్క. ఆ పొద్దున నేను కోయంబత్తూరు దగ్గరి అవినాశిలో పశువుల దాణా బస్తాలు టెంపోకి ఎక్కిస్తున్నాను. ఇంటినుంచి నా భార్య ఫోన్ చేసింది. "అత్త కాఫీ చల్లారిపోయుండాది. తాగలేదు. మీరు రాండి" అంది. అంతకుమించి చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా. గ్లాసు తన దగ్గరికి రాకముందే చెయ్యి చాచే మనిషి మా అత్త.

నేను వచ్చేసరికి నట్టింట్లో చాప మీద పడుకోబెట్టి ఉన్నారు. మా వైపు పోయినవాళ్ళ నుదుట గంధం పూసి, దాని మీద ఒక రూపాయి బిళ్ళ అతికిస్తారు. అత్తకూ అతికించారు. మా పాప తల దగ్గర నిలబడి ఆ బిళ్ళనే చూస్తోంది. ఏడవడం లేదు. వంగి వంగి చూస్తోంది. "పిల్ల జడుసుకుంటాది, ఎవురైనా ఎత్తుకోండమ్మా" అని ఒక ముసలామె అంది. ఎత్తుకోబోతే పాప విదిలించుకుని మళ్ళీ అక్కడికే వెళ్ళింది. నాకా పూట ఊపిరాడని పనులు. ఎందుకలా చూస్తున్నావని అడగలేదు.

వచ్చినవాళ్ళలో చాలామంది నా భుజం మీద చెయ్యి వేసి, "పాపను బాగా సాకినావప్పా" అన్నారు. "నీకుండే ఓపిక ఎవురికుంటాది" అన్నారు. ఆ మాటలు అక్కడ చాప మీద పడుకున్న మనిషికి చెందాలి. నేను తలవంచుకుని నిలబడ్డాను. వినయం అనుకుని ఉంటారు. అది సిగ్గు. ఆ రోజునుంచి అది నన్ను వదల్లేదు. ఇది రాస్తున్నది అందుకే.

మా ఇళ్ళలో తెలుగు మాట్లాడతాం, బడిలో అరవం చదువుతాం. తెలుగు రాయడం నాకు పెద్దయ్యాక వచ్చింది. పెద్ద పెద్ద మాటలు నా దగ్గర లేవు. ఆమెకు అవి పట్టేవి కూడా కావు.

అత్తను పెరియకుళం పక్కన మామిడి తోటలున్న ఇంటికి ఇచ్చారు. మామ తొందరగా పోయాడు. పిల్లలు లేరు. పుట్టింటికి తిరిగొచ్చింది. మా నాయన ఆమెకు ఏ పనీ చెప్పలేదు. ఆమే బావి పని తీసుకుంది.

మా బావి మూడిళ్ళకు ఉమ్మడి. మోటారు ఒకటే. ఏ ఇంటి చేనికి ఏ పూట నీళ్ళు అన్నది తాతల నాటినుంచి వంతు. పక్కవాడు కొంచెం ముందే మోటారు ఆపినా, కాలవ కొంచెం ఆలస్యంగా తిప్పినా మడి చివర నాలుగు చాళ్ళు ఎండిపోతాయి. ఎండేది కొంచెమే. దాని మీద వచ్చిన మాట మాత్రం ఏళ్ళతరబడి ఉంటుంది. మా నాయన నోరులేని మనిషి. వరసకు అన్నదమ్ములైనవాళ్ళతో గట్టిగా మాట్లాడాలంటే సిగ్గుపడేవాడు. అత్తకు ఆ బాధ లేదు. గట్టు మీద కూర్చుని, కాలవలో కాళ్ళు పెట్టుకుని ఉండేది. నీళ్ళు సన్నబడగానే కేకపెట్టేది.

"ఎవురప్పా ఆపింది? మా వంతు ఇంకా కాలేదే."

"అయిపోయిందక్కా, గడియారం చూడు."

"గడియారం నీ ఇంట్లోది. నీళ్ళు నా కాళ్ళకి తెలుస్తాది. వెయ్యి మోటారు."

వేసేవాళ్ళు. వేసి, సిగ్గులేని ఆడది అని ఆమెకు వినపడేలాగే అనుకునేవాళ్ళు. ఆమె లెక్కచేసేది కాదు. "నేను సిగ్గుపడతా కూర్చుంటే నీళ్ళు పక్క చేన్లోకి పోతాయి" అనేది మాతో. మా నాయనా నేనూ నవ్వి ఊరుకునేవాళ్ళం. సిగ్గు మా ఇంట్లో మగవాళ్ళ జబ్బు. ఆయన నుంచి నాకు వచ్చింది.

మా పాప పుట్టిన కొన్ని నెలలకు దాని తల పెరగడం మొదలైంది. ఒళ్ళు పెరిగేదానికంటే తల ముందుగా పెరిగేది. తలలో నీరు చేరుతోందన్నారు. కోయంబత్తూరు ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి, తలలోంచి కడుపులోకి చర్మం కిందుగా సన్నని గొట్టం వేశారు. ఎక్కువైన నీరు దానిగుండా కిందికి దిగుతుంది. డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెబుతుంటే నేను తలాడించాను కాని నాకు సగమే ఎక్కింది. అత్త బొమ్మ మీదికి వంగి, "కాలవ తవ్వినారు. సరే. పూడిక పడితే?" అంది.

డాక్టరమ్మ నవ్వింది. "అదే మన భయం పాట్టీ. పూడుకుంటే వాంతులవుతాయి, తలనొప్పి వస్తుంది, పిల్ల మగతగా ఉంటుంది. అప్పుడు ఆలస్యం చేయకుండా తీసుకొచ్చేయాలి. స్కాన్ తీసి చూస్తాం." ఆమె మాట్లాడింది అరవంలో. నేను తెలుగులో రాస్తున్నాను. పాట్టీ అంటే అవ్వా అని.

గొట్టం పడినా, పెరిగిన తల వెనక్కి పోదు. వీధిలో పిల్లలు పాపను బూసణి అనేవాళ్ళు. గుమ్మడికాయకు అరవంలో ఆ పేరు. మేము వీధి కిటికీకి పరదా కట్టాం. నా భార్య తిరుప్పూరు బనియన్ గుడ్డతో టోపీలు కుట్టింది, రంగు రంగులవి. పెళ్ళిళ్ళకు నేను ఒక్కణ్ణే వెళ్ళేవాణ్ణి. పాప ఎలా ఉందని ఎవరైనా అడిగితే బాగుందని చెప్పి, మాటను వానల మీదికి మళ్ళించేవాణ్ణి.

అత్త మాత్రం పాపను చంకన వేసుకుని రేషన్ అంగడికి పోయేది. టోపీ లేకుండా. నా భార్య టోపీ పట్టుకుని వాకిలిదాకా వెంటపడేది.

"అత్తా, ఇది పెట్టండి."

"ఏమిటికి? ఎండ లేదే."

"ఎండకి కాదు అత్తా."

"ఎండకి కాకపోతే ఇంక దేనికి టోపీ? దాని తల అది మోస్తుండాది. నీకేం బరువు?"

అని నడిచిపోయేది. పరదా వెనకనుంచి నేను చూస్తూ ఉండేవాణ్ణి.

ఇక ఆ స్కాన్ సంగతి. పెద్ద అయస్కాంతం ఉన్న యంత్రం అది. గుహలాంటి దానిలోకి మనిషిని పడుకోబెట్టి తోస్తారు. లోపల చెవులు చిల్లులుపడే చప్పుడు. ముప్పావు గంట సేపు కదలకుండా ఉండాలి. పెద్దవాళ్ళకే కష్టం, చంటిపిల్ల ఎలా ఉంటుంది? అందుకని మత్తిచ్చి తీసేవాళ్ళు. మత్తివ్వాలంటే కడుపు ఖాళీగా ఉండాలి. త్వరగా అయిపోయే స్కాన్ ఇంకొకటి ఉంది కాని అది ఎక్స్‌రే జాతిది. ఈ పిల్లలకు బతుకంతా మళ్ళీ మళ్ళీ చూస్తూ ఉండాలి కాబట్టి దాన్ని వీలైనంత తగ్గిస్తామని డాక్టరమ్మ చెప్పింది.

మొదటిసారి మత్తిచ్చి తీసిన రోజు పాప తెల్లవారినప్పటినుంచి పాలకోసం ఏడ్చింది. అత్త కూడా కాఫీ తాగలేదు. పాప నడుముకున్న వెండి మొలతాడు తనే విప్పి కొంగున ముడివేసుకుంది. స్కాన్ అయ్యాక పాపను ఆమె చేతుల్లో పెట్టారు. చెయ్యి ఎత్తితే చెయ్యి వాలిపోయింది. తల నిలవలేదు. కళ్ళు తెరిచి అమ్మను గుర్తుపట్టేసరికి మధ్యాహ్నం దాటింది. అంతసేపూ అత్త ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తూనే ఉంది. ఇంటికొచ్చే దోవలో ఒకే మాట అంది. "ప్రాణముండే పిల్లను ఇట్ల మోసే గతి నాకు ఇంగొక తూరి వద్దు."

కాని అది ఒకసారితో పోయేది కాదు. ఇంకోసారీ అలాగే మోసుకొచ్చింది.

పాప కొంచెం పెద్దదై, చెప్పిన మాట వినే వయసు వచ్చాక డాక్టరమ్మ కొత్త సంగతి చెప్పింది. అదే యంత్రంలో ఇప్పుడు వేగంగా తీసే పద్ధతి పెట్టారట. గొట్టం వేసిన పిల్లలకు ప్రతిసారీ తలంతా చూడనక్కర్లేదు. తలలో నీరుండే గదులు ఎంత పెద్దగా ఉన్నాయి, గొట్టం ఎక్కడుంది అన్నవి చూస్తే చాలు. ఒక్కొక్క బొమ్మ రెప్పపాటులో పడిపోతుంది కాబట్టి పిల్ల కాస్త మెదిలినా చెడిపోదు. మొత్తం కొద్ది నిమిషాలు. మత్తు వద్దు, పస్తు వద్దు. "కాని ఆ కొద్ది నిమిషాలు భయపడి లేవకూడదు. ఇంట్లో కొంచెం అలవాటు చేసి తీసుకురండి" అని నర్సమ్మ ఫోనులో ఆ యంత్రం చప్పుడు పెట్టి వినిపించింది. నేనూ నా భార్యా మొహాలు చూసుకున్నాం. ఈ పిల్ల మిక్సీ చప్పుడుకే ఏడుస్తుంది.

అత్త చెవి దగ్గర పెట్టుకుని విన్నది. "ఇది మన పాత మోటారు బేరింగు పోయినప్పటి సద్దే" అంది.

మరుసటి రోజు నేను చేనినుంచి వచ్చేసరికి మా వీధి వసారాలో పత్తిగింజలు పోసే పెద్ద నీలం డ్రమ్ము అడ్డంగా పడుకుని ఉంది. దొర్లకుండా రెండుపక్కలా ఇటుకలు పెట్టి ఉన్నాయి. లోపల దుప్పటి. దుప్పటి మీద పాప. రెండు కాళ్ళు బయటికి కనిపిస్తున్నాయి. అత్త పక్కన చతికిలబడి గరిటెతో డ్రమ్మును దబదబ వాయిస్తోంది. పాప లోపల ఏడుస్తోంది. అత్త కొట్టడం ఆపి, లోపలికి తొంగి చూసి, "ఏడువు కన్నూ, ఏడువు. ఏడ్చినా పరవాలేదు, తల మాత్రం ఆడకూడదు" అని మళ్ళీ వాయించింది.

వీధిలో జనం నిలబడ్డారు. నాకు లోపలికి పోవాలో బయటే ఉండాలో తెలియలేదు.

"అత్తా, ఇంట్లో పెట్టుకోరాదా ఇది? అందరూ చూస్తుండారు."

"ఇంట్లో ఇంత సద్దు చేస్తే నాకు తలనొప్పి."

ఏడుపు కొద్దిరోజులకు తగ్గింది. తరువాత అత్త చింతగింజ తెచ్చింది. పాప నుదుటి మీద గింజ పెట్టేది. డ్రమ్ము వాయించడం అయ్యేదాకా గింజ పడకపోతే పాప గెలిచినట్టు. పడితే అత్త గెలిచినట్టు. అత్త గెలిస్తే నిజంగానే సంబరపడేది, పిల్ల అని చూసేది కాదు. "ఓడిపోయినావు, ఫో" అనేది. దానికి రోషం వచ్చేది. మళ్ళీ పడుకునేది.

ఆ చప్పుడుకు వీధి పిల్లలు రావడం మొదలుపెట్టారు. ముందు గేటు దగ్గర, తరువాత వసారా మెట్ల మీద. ఎదురింటి పిల్ల ఒకరోజు ధైర్యం చేసి, "నేనూ పడుకుంటా అవ్వా" అంది. పడుకుంది. గరిటె రెండు దెబ్బలకే గింజ జారిపోయింది. మరొకడు పడుకున్నాడు, వాడిదీ పడిపోయింది. మా పాపది పడలేదు.

ఎదురింటి పిల్లకు ఉక్రోషం వచ్చింది. "దాని నుదురు పెద్దది. గింజకి చోటుండాది. అందుకే పడల్లేదు."

నేను లోపల అన్నం తింటున్నాను. చెయ్యి ఆగిపోయింది.

అత్త తీరిగ్గా అంది. "అవునే. దాని నుదుట దేవుడు తీరిగ్గా కూర్చోని రాసినాడు. నీ నుదుట చోటు లేక మూడో తరగతితో ఆపేసినాడు."

పిల్లలంతా నవ్వారు. ఎదురింటి పిల్ల కూడా నవ్వింది. అన్నిటికంటే గట్టిగా డ్రమ్ములోంచి మా పాప నవ్వు వినిపించింది. గింజ పడిపోయింది. "ఓడిపోయినావు, ఫో" అంది అత్త. ఆ తరువాత వీధిలో ఎవరూ బూసణి అనలేదని చెప్పను. అన్నారు. కాని రోజూ సాయంత్రం వచ్చి వరసలో నిలబడేవాళ్ళు. వంతులు అత్తే చూసేది.

వేగం స్కాన్ రోజు అత్త యంత్రం పక్కనే నిలబడింది. లోహం ఏదీ ఉండకూడదంటే ముక్కుపుడక కూడా తీసి నా చేతికిచ్చింది. నేను అద్దం బయట ఉన్నాను. చప్పుడు మొదలైంది. పాప కాళ్ళు కనిపిస్తున్నాయి. కదలలేదు. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. ఇంకా చాలాసేపు బిగబట్టాలి అనుకుంటూ ఉండగానే చప్పుడు ఆగిపోయింది. యంత్రం నడిపే పిల్లవాడు లోపలికెళ్ళి పాపను బయటికి లాగాడు.

అత్త వాణ్ణి చూసింది. "ఏం తంబీ, ఆపేసినావు?"

"ముగిసిపోయింది పాట్టీ."

"ఏం ముగిసింది? పోయిన తూరి ఇదే మిషను ముక్కాలు గంట ఆడింది. ఇప్పుడు నేను వక్కాకు నమిలేలోగా ఆపేసినావు. మా పాప వంతు ఎవురికి ఇచ్చినావు?"

"ఎవరికీ ఇవ్వలేదు పాట్టీ. ఇది వేగంగా తీసేది."

"వేగం ఏమిటికి? మేమేమన్నా బస్సుకి పోవాలన్నామా?"

ఆ గొంతు బావిగట్టు మీది గొంతు. వరండాలో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పారు. కొందరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను లోపలికి పోయి ఆమె చెయ్యి పట్టుకున్నాను. "అత్తా, ఊరుకో. చూస్తుండారు."

"చూడనీ. వాళ్ళకీ వంతు ఉండాది కదా. వాళ్ళ వంతూ ఇట్లనే కోస్తారు, అప్పుడు తెలుస్తాది."

డాక్టరమ్మ వచ్చింది. ఓపికగల మనిషి. "పాట్టీ, ముందు తోటంతా తిరిగి చూసేవాళ్ళం. ఇప్పుడు మనకు కావలసింది కాలవ పారుతోందా లేదా అన్నదే. చూసేశాం. పారుతోంది. తోటంతా చూడాల్సిన రోజు వస్తే అప్పుడు తోటంతా చూస్తాం."

అత్త ఆలోచించింది. "కాలవ చూసేదానికి పోయినోడు తోట కూడా ఒక తూరి చూసి రావద్దా? పోనే పోయినాడు కదా."

డాక్టరమ్మకు నవ్వాగలేదు. నాకు మాత్రం భూమి చీలితే బాగుండుననిపించింది. ఇందులో అత్తది తప్పే. వాళ్ళు మా పాపకు ఏదీ తగ్గించలేదు. ఎన్నిసార్లు చెప్పినా ఆమె నమ్మలేదు. చివరిదాకా సగమే చూశారనే అనుకుంది. తరువాత ఎప్పుడు వెళ్ళినా చప్పుడు ఆగగానే ఆ పిల్లవాణ్ణి, "నిండా చూసినావా తంబీ?" అని అడిగేది. వాడు "నిండా చూశాను పాట్టీ" అనేవాడు. వాడి మొహంలోకి కాసేపు చూసి, సరే పో అన్నట్టు తలాడించేది.

కాని ఆ మొదటి రోజు పాప తన కాళ్ళ మీద తను నడిచి బయటికొచ్చింది. కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలో బస్సుకోసం నిలబడి బన్ను తిన్నది. అత్త దానివైపే చూస్తూ ఉంది. ముక్కు దగ్గర వేలు పెట్టాల్సిన పని ఆ రోజు లేకపోయింది.

అలాంటి మనిషి పోయింది. కొడుకులు లేరు, మా నాయన ముందే పోయాడు కాబట్టి కొరివి నేనే పెట్టాను. గుండు చేయించుకున్నాను. కర్మ అయ్యేదాకా కొరివి పెట్టినవాడు ఊరి పొలిమేర దాటకూడదని మా వైపు కట్టుబాటు.

కర్మ ఇంకా కాలేదు. ఒక పొద్దున పాప తాగిన పాలు కక్కింది. తల పట్టుకుని కూర్చుంది. మళ్ళీ కక్కింది. పిలిస్తే పలుకుతోంది కాని కళ్ళు వాలిపోతున్నాయి.

మా చిన్నాయన వసారాలో కూర్చుని ఉన్నాడు. చుట్టాలంతా ఉన్నారు. "వేడి చేసుండాది" అన్నాడు చిన్నాయన. "ఇంట్లో ఏడుపులు, పిల్లకి నిద్ర లేదు. మజ్జిగ ఇయ్యండి. కర్మ కాకుండా నువ్వు ఊరు దాటితే పోయినామెకి దోవ దొరకదు. మూడు పొద్దులు ఓర్చుకోరా."

పెద్దవాళ్ళు చెప్పిన మాటకు ఎదురు చెప్పడం నాకు చేతకాదు. నేను తలవంచుకుని నిలబడ్డాను. నిలబడటం నాకు బాగా వచ్చిన పని.

నా భార్య పాపను భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చింది. "అత్త ఉంటే ఇప్పుడు ఏం చేసుంటాది?" అంది. ఎవరినీ చూసి అనలేదు. వసారాలో అందరికీ తెలుసు ఏం చేసేదో.

"మేము పోయొస్తాం చిన్నాయనా" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. రెండోసారి అనాల్సి వచ్చింది.

"మీ అత్త నోరు నీకు వచ్చిందా ఇప్పుడు?" అన్నాడు చిన్నాయన. తిట్టుగానే అన్నాడు. ఎదురింటాయన అప్పటికే కారు తీస్తున్నాడు.

ఆసుపత్రి వరండాలో జనం ముందు నా గుండు చూశారు, తరువాత పాప తల చూశారు, మళ్ళీ నా గుండు చూశారు. నా భార్య చేతిసంచిలో పాప టోపీ ఉంది. మేమిద్దరం దాని జోలికి పోలేదు.

నా భయం ఒకటే. ఇంతవరకు పాప అత్త పక్కనుంటేనే కదలకుండా పడుకుంది. ఇప్పుడు లేస్తే, మత్తివ్వాలి. మత్తుకు ముందు కడుపు ఖాళీ అయ్యేదాకా కాచుకోవాలి. ఆ మగతలో ఉన్న పిల్లను చూస్తుంటే కాచుకునే వ్యవధి ఉందని నాకు అనిపించలేదు.

యంత్రం పిల్లవాడు మమ్మల్ని గుర్తుపట్టాడు. పాపను బల్ల మీద పడుకోబెడుతూ, "పాట్టి రాలేదా పాపా?" అన్నాడు. నా భార్య అటు తిరిగింది.

పాప కళ్ళు సగం తెరిచి అంది. "అవ్వ ఇంట్లో ఆడింది. గింజ లేదు, రూపాయి పెట్టుకోనింది. అందరూ ఎంత ఏడ్చినా తల ఆడించలేదు. రూపాయి పడనే లేదు."

ఆ పిల్లవాడు నా గుండు వైపు చూశాడు. వాడికి అర్థమైంది. నాకూ అప్పుడే అర్థమైంది, నట్టింట్లో అది అంతసేపు ఎందుకు వంగి చూసిందో.

"అయితే నువ్వు?" అన్నాడు వాడు.

"నేనూ ఆడించను."

పాప పిడికిలి మూసి ఉంది. లోహమేమోనని వాడు విప్పి చూశాడు. చింతగింజ. తలకు పంజరంలాంటిది బిగిస్తారు కాబట్టి నుదుట పెట్టడానికి వీల్లేదు. వాడు దాన్ని తిరిగి అరచేతిలోనే పెట్టి వేళ్ళు మూశాడు. నేను అత్త నిలబడేచోట నిలబడ్డాను. దాని పాదం మీద చెయ్యి వేశాను. చప్పుడు మొదలైంది. అద్దం బయటనుంచి విన్నట్టు కాదు, దగ్గర్లో అది పళ్ళలోకి దిగుతుంది. పాదం నా చేతికింద వెచ్చగా ఉంది. కదల్లేదు. చప్పుడు ఆగిపోయింది.

అప్పుడు నాకు అనిపించింది, ఇంత తొందరగానా అని. ముక్కాలు గంట కాదు కదా, సరిగ్గా ఊపిరి పీల్చుకునేలోగా అయిపోయింది. ఎందుకు తొందరో నాకు తెలుసు, అయినా అనిపించింది.

"నిండా చూసినావా తంబీ?" అన్నాను.

వాడు నా వైపు చూడలేదు. "నిండా చూశానండి" అన్నాడు, పాప తలకు బిగించింది విప్పుతూ.

గొట్టం పైభాగంలో పూడుకుంది. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేసి కొత్తది వేశారు. డాక్టరమ్మ తరువాత, ఇంకో మూడు రోజులు ఆగి ఉంటే మీతో ఇలా మాట్లాడేదాన్ని కాదు అంది. ఎందుకు ఆగబోయామో నేను చెప్పలేదు. అత్త గురించి అడిగితే పోయిందని మాత్రం చెప్పాను.

కర్మ నాడు నేను లేను. చిన్నాయనే పిండం పెట్టాడు. సాయంత్రం ఆసుపత్రికి ఫోన్ చేశాడు. "కాకి వెంటనే వచ్చిందిరా. మీ అత్త నీకోసం చూడనేలేదు" అన్నాడు. మళ్ళీ తనే, "ఆకలి ఓర్చుకునే మనిషి కాదు కదా" అన్నాడు. పాప ఎలా ఉందని అడిగాడు. వాన సంగతి ఎత్తకుండా ఉన్నదున్నట్టు చెప్పాను.

కుట్లు మానాయి. మళ్ళీ ఒకసారి స్కాన్‌కు రమ్మన్నారు. నీలం డ్రమ్మును చావు రోజుల్లో వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు నింపి పెరట్లో పెట్టారు. మొన్న సాయంత్రం పాప నన్ను పెరట్లోకి లాక్కెళ్ళి నీళ్ళు పారబోయించింది. వసారాలోకి దొర్లించి ఇటుకలు పెట్టాను. దుప్పటి పరిచాను. అది లోపలికి దూరి పడుకుంది. గింజ తనే నుదుట పెట్టుకుంది. నేను గరిటె పట్టుకుని కూర్చున్నాను.

నెమ్మదిగా కొట్టాను.

"అట్ల కాదు నాయనా. అవ్వ వీధంతా వినపడేట్టు కొడతాది."

గట్టిగా కొట్టాను. ఎదురింటి పిల్ల మెట్ల మీదికి వచ్చి నిలబడింది, తన గింజ పట్టుకుని. వీధిలో మోటారు సైకిల్ మీద పోతున్న ఒకాయన బండి నెమ్మది చేసి మా వైపు చూశాడు. పెళ్ళిళ్ళలో కనిపించే మనిషే. గుండు మీద అప్పుడే మొలిచిన జుట్టుతో ఒక మగవాడు, చేతిలో గరిటె. నా చెయ్యి దానంతటదే ఆగిపోయింది.

డ్రమ్ములోంచి గొంతు వచ్చింది.

"ఎవురప్పా ఆపింది? నా వంతు ఇంకా కాలేదే."

మళ్ళీ కొట్టడం మొదలుపెట్టాను. బండాయన ఇంకా అక్కడే ఉన్నాడో పోయాడో చూడలేదు. వంగి లోపలికి చూశాను. సందెవెలుగు డ్రమ్ము ప్లాస్టిక్కులోంచి వచ్చి దాని మొహమంతా నీలంగా ఉంది. కళ్ళు మూసుకుంది. వెడల్పాటి నుదుటి మీద చింతగింజ ప్రతి దెబ్బకూ సన్నగా అదురుతోంది కాని పడటం లేదు.